పధ్నాలుగో నంబరు స్పానర్

గురువారం పొద్దున పోశయ్య మామ చేతిలోంచి పధ్నాలుగో నంబరు స్పానర్ నేల మీద పడింది. ఆయన జారవిడవలేదు. హారన్ యూనిట్‌కు ఆనించి చెయ్యి తీశాడు, అంతే. అది అతుక్కొని ఉండాల్సింది. అంతకు ముందు రోజు అదే స్పానర్‌ను అదే యూనిట్ నుంచి ఊడబెరకడానికి రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడేమో మెల్లగా ఒరిగి టంగుమని పడింది.

మామ వంగి తీశాడు. మళ్లీ ఆనించాడు. మళ్లీ పడింది.

"పోయింది" అన్నాడు.

"ఏం పోయింది మామా?"

"మాగ్నెట్. నా చేతులార సంపిన."

ముఖం చూస్తే నవ్వులాటకు అంటున్నట్టు లేదు. శనివారం సాయంత్రం నాలుగింటికి రామచంద్రరావు గారు వస్తారు. ఆయన ముట్టుకోవద్దని చెప్పిన యూనిట్ అదే.

పోశయ్య నాకు చుట్టం కాదు. పిలుపులోనే మామ. వయసు యాభై ఎనిమిది, ఆలేరు పక్క పల్లె. ముప్పై ఏళ్లుగా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు మిషన్ మీద టర్నర్‌గా చేస్తున్నాడు. ఉప్పల్‌లో రెండు గదుల ఇల్లు, దాని మీద రేకుల షెడ్డు. షెడ్డు నిండా హారన్లు. ఇప్పటి సౌండ్ బాక్సులు కావు, గుడి మీది మైకులూ కావు. పాత సినిమా హాళ్లలో తెర వెనక ఉండేవి. కొన్నింటి నోట్లో మనిషి కాళ్లు ముడుచుకొని కూర్చోవచ్చు.

పన్నెండేళ్ల కింద మౌలాలి తుక్కు దుకాణంలో ఇత్తడి ముక్క కోసం వెతుకుతుంటే మొదటిది కనబడిందట. దాన్ని పగలగొట్టి ఇనుము కింద తూకం వేయబోతున్నారు. ఆటోలో వేసుకొచ్చి, తుప్పు గీకి, కాలిన కాయిల్ తిరిగి చుట్టి, ఇంట్లో ఉన్న రేడియోకు తగిలించాడు. "వార్తలు సదివెటోడు ఇంట్లకొచ్చి కూసున్నట్టే అయింది రా" అని ఇప్పటికీ చెబుతాడు. ఆ తరువాత ఏ హాలు మూతపడి ఫంక్షన్ హాలు అవుతోందని తెలిసినా, డ్యూటీ దిగి అటే పోయేవాడు. అమ్ముకోవడానికి కాదు. బాగుచేసి, ఒక ఆదివారం విని, పక్కన పెట్టి ఇంకొకటి తెచ్చేవాడు.

ఆయన భార్య ఉప్పలమ్మ అత్త ఆ హారన్ల నోళ్లలో ఉల్లిగడ్డలు ఆరబోస్తుంది. "పదకొండు మంది సవతులు. నేను పన్నెండోదాన్ని. వాళ్లకు పాలిష్, నాకు పాచి పని" అంటుంది.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో వదిలేసి బైక్ టాక్సీ నడుపుతున్నాను. ఒకసారి మామ నా బండెక్కాడు, ఒళ్లో హారన్‌తో. దారంతా జనం మమ్మల్నే చూశారు. అప్పటి నుంచి సవారీ లేనప్పుడు నా బండి ఆ ఇంటి ముందే ఆగుతుంది.

రామచంద్రరావు గారు వచ్చింది మూడు వారాల కింద. కృష్ణా జిల్లాలో ఒక హాల్లో ఇరవై ఏడేళ్లు సౌండ్ చూసిన మనిషి. హాలు పడగొడుతుంటే ఓనరు కబురు పెట్టి, తెర వెనక ఉన్న రెండు హారన్లనూ ఆయనకే ఇచ్చేశాడు. కొడుకు చంద్రశేఖర్ పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అన్నోజిగూడలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ కొన్నాడు గానీ లిఫ్ట్ ఇంకా నడవడం లేదు. అందుకని హారన్లు తిన్నగా మామ షెడ్డుకే వచ్చాయి.

హారన్ వట్టి రేకు. శబ్దం పుట్టేది దాని వెనక బిగించే ఇనుప డబ్బాలో. దాన్నే యూనిట్ అంటారు. లోపల ఒక మాగ్నెట్, దాని చుట్టూ వెంట్రుకంత సందు, ఆ సందులో కదిలే కాయిల్, కాయిల్‌కు అంటించిన పల్చటి అల్యూమినియం పొర. ఎడమ హారన్ యూనిట్ మూగబోయింది. కుడిది పలుకుతోంది.

రావు గారికి కూడా ఎడమ చెవి వినబడదు. మాట్లాడేటప్పుడు తల కొంచెం తిప్పి కుడి చెవి మన వైపు పెడతారు. ఆ రోజు అలాగే తల తిప్పి చెప్పారు.

"ఎడమదాన్ని మీ ఇష్టం వచ్చినట్టు విప్పుకోండి పోశయ్య గారూ. కుడిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. స్క్రూ కూడా తిప్పొద్దు. ఇరవై ఏడేళ్లలో నేనే తిప్పలేదు."

"ముట్టుకోను సార్. మాటిస్తున్న."

మాటిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

ఎడమది విప్పితే కాయిల్ కాలి బొగ్గయి ఉంది. ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టే వీలే లేదు. చుట్లు తెలియకుండా కొత్త కాయిల్ చుడితే రెండు హారన్లూ ఒకేలా పలకవు. సరైన లెక్క ఉన్నది ఒక్క చోటే. కుడిదాంట్లో. రెండు వారాలు ఆగాడు మామ. చివరికి బుధవారం కుడి యూనిట్ వెనక మూత తీసి, పొర పైకెత్తి, భూతద్దం పెట్టి చుట్లు లెక్కపెట్టాడు. ఎడమదానికి కాయిల్ చుట్టాడు. అది పలికింది. అక్కడ ఆపితే ఏ గొడవా లేకపోయేది.

మూత పెట్టబోతుంటే కుడిదాని సందులో తుప్పు కనబడింది.

ముప్పై ఏళ్లు లేతు మీద పనిచేసిన మనిషి తుప్పు చూసి మూత పెట్టలేడు. ఈ జబ్బు ఆయన ఒక్కడిదే కాదు. నాచారంలో ఏ టర్నర్‌ను అడిగినా ఇదే. గురువారం తెల్లారగానే మాగ్నెట్‌ను మొత్తం బయటికి లాగి, సందు తుడిచి, మళ్లీ లోపల పెట్టాడు. స్పానర్ పడింది.

ఆయన పన్నెండేళ్లుగా విప్పిన యూనిట్లన్నీ ఇంకో రకం. వాటిలో కరెంటు ఇస్తేనే ఇనుము మాగ్నెట్ అవుతుంది, తీసేస్తే ఉత్త ఇనుము. వందసార్లు విప్పినా ఏమీ కాదు. ఇది మాత్రం సొంత బలమున్న పాత మాగ్నెట్. చుట్టూ ఉన్న ఇనుప డబ్బాలోంచి బయటికి లాగితే చాలు, బలం సగానికి సగం పోతుంది. తిరిగి పెట్టినా రాదు. ఫోన్‌లో వెతికితే మొదటి లైన్లోనే ఉంది. చదివి వినిపించాను.

"నిన్న సదవకపోతివి?" అన్నాడు మామ.

"నువ్వు అడిగితే గదా!"

మామ డ్యూటీకి పోలేదు. మధ్యాహ్నం మూత బిగించి, పాట పెట్టి చూశాం. కుడి హారన్ గొంతు గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. నాకు తోచింది చెప్పాను.

"మామా, ఆంప్లిఫయర్ల కుడి వైపు నాబ్ ఉన్నది గదా. జర ఎక్కువ తిప్పితే రెండూ సమానమైతయి. ఆయనకు వినబడేదే ఒక్క చెవి. కుర్చీ గిటు ఏస్తే అయిపాయె. ఎవలకు తెలుస్తది?"

మామ నా వైపు చూడలేదు. చేతిలోని స్పానర్‌ను ఆ నాబ్ మీద ఒకసారి ఆనించాడు. వద్దని అననూ లేదు. అందుకే నాకు భయమేసింది. తరువాత లేచి చొక్కా వేసుకున్నాడు.

"బండి తియ్యి. నాచారం పోదాం."

"ఎవల దగ్గరికి?"

"కనకరాజు దగ్గరికి."

ఆ పేరు వినగానే మెట్ల దగ్గర ఉల్లిగడ్డలు ఏరుతున్న ఉప్పలమ్మ అత్త చెయ్యి ఆగిపోయింది. కనకరాజు, మామ ఒకప్పుడు ఒకే షెడ్డులో పనిచేశారు. ఆరేళ్ల కింద ఓవర్‌టైం గొడవలో అందరూ మిషన్లు ఆపాలని కనకరాజు అన్నాడు. ఆపారు. మామ లేతు ఒక్కటే తిరిగింది. బిగించిన ముక్క సగంలో ఉందని ఆయన సాకు. అప్పటి నుంచి మాటల్లేవు. కనకరాజు ఇప్పుడు మోటార్లు తయారుచేసే వేరే కంపెనీలో ఉన్నాడు. మాగ్నెట్లకు బలం పట్టించే మిషన్ ఆయన చేతి కిందే ఉంది.

సాయంత్రం షిఫ్టు వదిలాక గేటు ముందు చాయ్ బండి దగ్గర దొరికాడు. మామను చూసి గ్లాసు దించలేదు.

"ఎవలూ? లేతు ఆపనోడా?"

"నేనే కనకరాజు."

"ఆరేండ్లాయె. ఉన్నవో పోయినవో అనుకున్న."

"ఒక పని వడ్డది."

"పని వడితెనే యాదికొస్త. మొన్న మా బిడ్డ పెండ్లాయె. రాకపోతివి."

"పిలువలే గదా."

"పిలువకపోతె రావా?"

మామ చాయ్ గ్లాసులు పక్కకు జరిపాడు. సంచీలోంచి యూనిట్ తీసి చాయ్ బల్ల మీద పెట్టాడు. స్పానర్ ఆనించి వదిలాడు. అది పడ్డ చప్పుడుకు చాయ్ తాగేవాళ్లు ఇటు తిరిగారు. కనకరాజు గ్లాసు పక్కన పెట్టి యూనిట్‌ను చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

"బయటికి గుంజినవా?"

"గుంజిన."

"ఇంత వయసొచ్చె, గింత తెల్వదా?"

"తెల్వలే."

ఆ ఒక్క మాటతో ఆయన గొంతు కొంచెం దిగింది. "మా మిషన్‌ల మోటారు ముక్కలు వడ్తయి. నీ డబ్బ దానికి ఆనది" అన్నాడు.

"సందు నిండేటట్టు కింద మీద ఇనుప బిళ్లలు లేతు మీద తిప్పుకొస్త. నువ్వు కొలతలియ్యి."

"శనివారం ఒంటిగంటకు లంచ్. సూపర్‌వైజర్‌ను నేనడుగుత. అరగంట. ఒంటిగంటన్నరకు లైను మొదలైతది. ఒక్క నిమిషం ఎక్కువ గాదు. లోపల కాయిల్, పొర ఉంచకు. దెబ్బకు పేలుతయి. ఇంకోటి…" ఆగి, మామ ముఖంలోకి చూశాడు. "ఆ టైముకు నీ లేతు సగంల ఉన్నదనకు."

శుక్రవారం మామ తన కంపెనీలో డ్యూటీ అయ్యాక, ఫోర్‌మన్‌ను అడిగి, లేతు మీద రెండు మెత్తటి ఇనుప బిళ్లలు తిప్పాడు. శనివారం సెలవు పెట్టాడు. పొద్దున్నే యూనిట్ విప్పి, పొరను అంచు పట్టుకొని బయటికి తీశాడు. వేలు కొంచెం గట్టిగా తగిలితే నొక్కుకుపోయే పొర అది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా తయారుకాదు. ఉప్పలమ్మ అత్త స్టీలు డబ్బాలో దూది పరిచి ఇచ్చింది. పొరను అందులో పెట్టి, డబ్బాను బీరువా మీదికి ఎక్కించింది.

"నేను ఇంట్లనే ఉంట. పిల్లి గూడ రాదు. పోయిరా" అంది.

హెచ్‌ఎంటీ నగర్ మీదుగా పోయాం. ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందే గేటు దగ్గరున్నాం. కనకరాజు టిఫిన్ డబ్బా తెరవలేదు. మమ్మల్ని నేరుగా మిషన్ దగ్గరికి తీసుకెళ్లాడు. యూనిట్‌కు పైన ఒక బిళ్ల, కింద ఒక బిళ్ల పెట్టి బిగించారు. మిషన్ సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. కనకరాజు వెనక్కి జరగమని సైగ చేసి బటన్ నొక్కాడు.

ఢబ్‌మంది. కాళ్ల కింద నేల అదిరింది.

మామ యూనిట్‌ను బయటికి తీసి స్పానర్ ఆనించాడు. పట్టుకుంది. మెల్లగా జారింది. పడింది.

"ఇంక బలం పెట్టుమంటవేమో. మీటరు ముల్లు ఎర్ర గీత మీదనే ఉన్నది. దాటితే మిషన్ పోతది, ఎనక నా నౌకరి పోతది" అన్నాడు కనకరాజు.

మామ వంగాడు. కింది బిళ్ల అంచు చుట్టూ గోరు తిప్పాడు. ఒకచోట ఆగాడు. "ఈడ లేస్తున్నది. ఆనుతలేదు. ఆకురాయి ఇయ్యి" అన్నాడు. అక్కడే నిలబడి బిళ్లను అరగదీశాడు. గోడ గడియారం ఒంటిగంట ఇరవై రెండు చూపిస్తోంది. లైను మీది వాళ్లు చేతులు కడుక్కొని లోపలికి వస్తున్నారు. అరగదీయడం, గోరుతో చూడడం, మళ్లీ అరగదీయడం. ఇరవై ఆరు. మళ్లీ బిగించారు. మళ్లీ ఈల.

ఢబ్.

ఈసారి స్పానర్ ఆనించే పనే పడలేదు. దగ్గరికి తేగానే మామ చేతిలోంచి దూకి ఠక్కుమని అతుక్కుంది. మామ లాగాడు. రాలేదు. కనకరాజు లాగాడు. ఇద్దరూ కలిసి లాగారు.

"ఇగ పో" అన్నాడు కనకరాజు. టిఫిన్ డబ్బా అలాగే చేతిలో పట్టుకొని లైను దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పూట ఆయన తిన్నట్టు లేదు.

ఇంటికొచ్చి సందులోకి టార్చి కొట్టి చూస్తే అసలు భయం అప్పుడు పట్టుకుంది. బిళ్లను అరగదీసినప్పుడు రాలిన ఇనుప పొడి. మాగ్నెట్ ఉన్న చోట ఇనుప పొడి రాల్చకూడదని లోకంలో ఎవరికి తెలియకపోయినా మామకు తెలియాలి. గడియారం తొందరలో మరిచిపోయాడు. వెంట్రుకంత సందులో నాలుగైదు రవ్వలు నిలబడి ఉన్నాయి. ఒక్కటి మిగిలినా కాయిల్‌ను చీరేస్తుంది.

అట్టముక్కను సన్నగా కత్తిరించి, దానికి జిగురు టేపు తిరగేసి చుట్టి, సందులోకి దింపి, చుట్టూ తిప్పి పైకి తీయాలి. ఒక్కోసారి ఒక్కో రవ్వ. ఒక్కోసారి ఏమీ రాదు. నేను టార్చి పట్టుకున్నాను. మామ చెమట యూనిట్‌లో పడకుండా అత్త కొంగుతో ఆయన నుదురు తుడుస్తోంది. మూడు గంటల ఇరవైకి చివరి రవ్వ వచ్చింది. డబ్బా దించి పొర పెట్టి, మూత బిగించి, యూనిట్‌ను హారన్‌కు ఎక్కించేసరికి నాలుగు దాటింది. ఒక్కసారి కూడా మోగించి చూడలేదు.

కింద కారు ఆగింది. ఫ్లైఓవర్ పనుల దగ్గర ఇరుక్కుపోయామని చంద్రశేఖర్ విసుక్కుంటూ ఎక్కుతున్నాడు. వెనక రావు గారు, ఒక్కో మెట్టు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో క్యాసెట్.

"మామా, అంత సాఫ్ అయింది. నోరు మూసుకొని ఉండు. ఇగ చెప్పేదేమున్నది?" అన్నాను చెవిలో.

మామ నన్ను దాటి వెళ్లాడు.

"సార్, కూసోకముందు ఒక ముచ్చట. కుడిదాన్ని ఇప్పిన."

రావు గారు తల తిప్పి కుడి చెవి పెట్టారు. "ఏమన్నారు?"

"కుడిదాన్ని ఇప్పిన సార్. స్క్రూలు గాదు, మాగ్నెట్టే బయటికి తీసిన. బలం పోయింది. ఇయ్యాల మల్ల పట్టించుకొచ్చిన. ఇప్పుడెట్ల పలుకుతదో నాకే తెల్వది."

 రావు గారు చేతి కర్రను రెండు చేతులతో పట్టుకున్నారు.

"చందూ, కారు వెనక డోరు తియ్యి."

"నాన్నా, తీసుకెళ్లి ఎక్కడ పెడతాం? లిఫ్టే లేదు. తొమ్మిదో ఫ్లోరు…"

"రోడ్డు మీద పెడతాను. తియ్యి."

మామ బతిమాలలేదు. ఆయన అడిగిన పని మొదలుపెట్టాడు. హారన్ విప్పడానికి జేబులోంచి స్పానర్ తీసి వంగాడు. బోల్టు మీద పెట్టబోయేలోపే అది చేతిలోంచి గుంజుకొని యూనిట్‌కు ఠక్కున కరుచుకుంది.

"ఆగండి" అన్నారు రావు గారు.

దగ్గరికి వచ్చి స్పానర్ పట్టుకొని లాగారు. రాలేదు. మామ ఊడబెరికి ఇచ్చాడు. ఆయన దాన్ని ఎడమ యూనిట్‌కు ఆనించారు. పట్టుకుంది, రెండు చేతులతో లాగితే వచ్చింది. మళ్లీ కుడిదానికి. అలా మూడుసార్లు చేశారు. తరువాత కుర్చీ తనే రెండు హారన్లకు నడుమ జరుపుకొని కూర్చుని క్యాసెట్ చాచారు.

"ఇంటర్వెల్‌లో వేసేవాళ్లం. పెట్టండి."

నాదస్వరం. మొదటి ఊపిరి నుంచే తెలిసిపోయింది. గరగర లేదు, చీలిక లేదు. కానీ కుడి వైపు మీద పడుతోంది.

"అరుస్తోంది" అన్నారు రావు గారు. "నేను చేరిన రోజుల్లో కూడా ఇంత లేదు. రెండింటిదీ ఒక గొంతు కాదిప్పుడు. తగ్గించండి."

మామ ఆంప్లిఫయర్ కుడి నాబ్ మీద చెయ్యి వేశాడు. గురువారం నేను తిప్పమన్నది దాన్నే.

"ఇంకొంచెం… ఎక్కువైంది, వెనక్కి. ఆ. అక్కడ ఉంచండి. గీత పెట్టండి."

మామ మేకుతో నాబ్ పక్కన గీత గీశాడు. రావు గారు లేచి వచ్చి గీతను వేలితో తడిమి, మళ్లీ వెళ్లి కూర్చున్నారు. క్యాసెట్ ఒక వైపు మొత్తం అయ్యేదాకా కదల్లేదు. మామ నిలబడే ఉన్నాడు. అత్త తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

టేపు ఆగాక చంద్రశేఖర్ అడిగాడు. "కారులో ఎక్కించమంటారా నాన్నా?"

"లిఫ్ట్ వచ్చేదాకా ఇక్కడే ఉంటాయి."

మెట్ల దగ్గర ఆగి, తల తిప్పారు.

"పోశయ్య గారూ. ఎడమదాన్ని ముట్టుకోవద్దు. స్క్రూ కూడా."

 మామ ఈసారి మాటివ్వలేదు. "స్పానర్ మా ఇంటామెకు ఇస్త సార్" అన్నాడు.

నిజంగానే ఇచ్చాడు. ఉప్పలమ్మ అత్త దాన్ని తీసుకుపోయి బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది.

కారు మలుపు తిరిగాక మామ నాతో మెల్లగా అన్నాడు. "ఎడమదాంట్ల గూడ తుప్పున్నది రా. సన్నగ. కాయిల్ పెట్టినప్పుడు జూసిన."

ఇది జరిగి పదకొండు రోజులు. అన్నోజిగూడ లిఫ్ట్ ఇంకా నడవలేదు. మామ రోజూ డ్యూటీకి పోయే ముందు వంటింటి గడప దగ్గర నిలబడి, "బియ్యం ఎంతున్నయే?" అని అడుగుతున్నాడు.

"నిండుగున్నయి. పనికి పో" అంటోంది అత్త.